వినడానికి ఒకటే, రాస్తే వేరు: ఇంగ్లీషు మాటల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచే వచ్చాయి. పోర్టు దగ్గరి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, ప్రెస్సుల్లో కార్డులు, బ్యానర్లు కంపోజ్ చేసేవాళ్లు రాశారు. అడిగిన మాటలు వేరైనా అందరి ఇబ్బందీ ఒకటే. రెండు ఇంగ్లీషు మాటలు ఒకేలా వినిపిస్తాయి, ఏది ఎక్కడ రాయాలో తెలియక చెయ్యి ఆగిపోతుంది. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మన చెవి మీద మనకు నమ్మకం ఎక్కువ. ఇంగ్లీషులో ఆ నమ్మకమే ముంచుతుంది. అలాగని అర్థాల జాబితా బట్టీ పట్టమని మేం చెప్పం. వాక్యంలో ఆ మాట నామవాచకంగా నిలిచిందా, క్రియగా నిలిచిందా అని ముందు చూడండి. ఆ తర్వాత, అనుమానం లేకుండా రాయగలిగే చుట్టం ఆ మాటకు ఎవరున్నారో వెతకండి. చాలా చిక్కులు అక్కడితో విడిపోతాయి. స్పెల్లింగులు అక్షరాల పేర్లతో ఇస్తున్నాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని రాసుకుంటూ చదవండి.

ప్రశ్న: సైటు పనుల మీద రోజూ రిపోర్టు రాయాలి. అఫెక్ట్, ఎఫెక్ట్ ఎన్నిసార్లు చదివినా రాసేటప్పుడు తారుమారవుతున్నాయి. మొదటిది క్రియ, రెండోది నామవాచకం అని చదివాను. కానీ మా మేనేజరుగారు ఎఫెక్ట్‌ని క్రియగా కూడా వాడుతున్నారు. ఆయనది తప్పా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తప్పు కాదండి. మీరు చదివిన సూత్రం నూటికి తొంభైపాళ్లు సరిపోతుంది, మిగతా పదిపాళ్లే మీ మేనేజరుగారు వాడుతున్నది.

ముందు ఆ తొంభైపాళ్ల సంగతి. ఏ-తో మొదలయ్యే అఫెక్ట్ క్రియ, దేని మీదైనా ప్రభావం చూపడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు సరఫరా మీద దాని దెబ్బ పడింది అని చెప్పాలంటే 'ద సైక్లోన్ అఫెక్టెడ్ ద పవర్ సప్లై'. ఇక్కడ ఏ. ఆ తుపాను ప్రభావాలు చాలాకాలం ఉన్నాయనాలంటే 'ది ఎఫెక్ట్స్ ఆఫ్ ద సైక్లోన్'. ఇక్కడ ఈ. మాటకు ముందు 'ది' గానీ 'యాన్' గానీ పెట్టి చదివి చూడండి, ఇమిడితే ఈ-తోనే రాయాలి. ఇంకా అనుమానం ఉంటే ఆ చోట 'రిజల్ట్' అనే మాట పెట్టండి. వాక్యం నిలబడితే మీకు కావలసింది ఎఫెక్ట్.

ఇక మిగతా పదిపాళ్లు. ఎఫెక్ట్ క్రియగా వచ్చినప్పుడు దాని అర్థం ప్రభావం చూపడం కాదు, జరిపించడం, అమల్లోకి తేవడం. చెల్లింపు జరపడాన్ని బ్యాంకులు 'ఎఫెక్ట్ పేమెంట్' అంటాయి. రిపోర్టులో ఈ తేడా పెద్దది. 'ద మేనేజర్ ఎఫెక్టెడ్ చేంజెస్' అంటే మేనేజరు మార్పులు తెచ్చారని. అదే ఏ-తో రాస్తే, ఎవరో తెచ్చిన మార్పుల మీద ఆయన ప్రభావం పడిందని అర్థం వస్తుంది. ఒక్క అక్షరంతో పని చేసిన మనిషే మారిపోతాడు. స్పెల్‌చెక్ దీన్ని పట్టుకుంటుందని నమ్మకండి, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కదా. ఆర్డర్లలో కనిపించే 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' ఎప్పుడూ ఈ-తోనే.

ప్రశ్న: ఈమధ్యే ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో చేరాను. బెర్త్, డ్రాఫ్ట్, టన్ను, నాట్ లాంటి మాటలు మెయిళ్లలో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు. కొత్తవాళ్లు జాగ్రత్త పడాల్సిన మాటలు చెబుతారా?
— ఒక పాఠకురాలు, మల్కాపురం

జవాబు: తప్పకుండా చెబుతామమ్మా. మీ పనిలో తప్పు మాట పడితే భాష చెడటంతో ఆగదు, లెక్క చెడుతుంది. కాబట్టి అంకెలతో వచ్చే మాటల నుంచే మొదలుపెడదాం.

టన్ను రెండు రకాల స్పెల్లింగుతో వస్తుంది. టి-ఓ-ఎన్-ఎన్-ఈ అంటే మెట్రిక్ టన్ను, సరిగ్గా 1,000 కిలోలు. టి-ఓ-ఎన్ అని మూడక్షరాలతో రాస్తే అది ఏ టన్నో తేలదు. బ్రిటిష్ లాంగ్ టన్ 2,240 పౌండ్లు, అంటే సుమారు 1,016 కిలోలు. అమెరికా షార్ట్ టన్ 2,000 పౌండ్లు, సుమారు 907 కిలోలు. 50,000 టన్నుల సరుకు తీసుకోండి. అవి లాంగ్ టన్నులైతే మెట్రిక్‌లో దాదాపు 50,802, షార్ట్ టన్నులైతే 45,359. చూశారుగా, ఎంత తేడా వస్తుందో! మీ చేత్తో రాసే ప్రతిచోటా ఐదక్షరాల స్పెల్లింగే వాడండి, లేదా 'మెట్రిక్' అని ముందు చేర్చండి. అవతలివాళ్లు మూడక్షరాలతో పంపితే, ఏ టన్నో అడిగి తెలుసుకున్నాకే లెక్క వేయండి.

నాట్ అనేది వేగం. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. గంట అన్న సంగతి ఆ మాటలోనే ఉంది కాబట్టి 'నాట్స్ పర్ అవర్' అని రాయకూడదు. 12 నాట్లంటే గంటకు దాదాపు 22 కిలోమీటర్లు. వాతావరణ బులెటిన్లు చదివేటప్పుడూ ఇది పనికొస్తుంది. గాలి వేగం 34 నాట్లకు, అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్లకు చేరితేనే వాయుగుండాన్ని తుపానుగా లెక్కిస్తారు. స్పెల్లింగు కె-తో మొదలవుతుంది, ఆ కె పలకదు. కె వదిలేస్తే 'కాదు' అనే మాట అవుతుంది.

ఓడ ఆగే చోటు బెర్త్, పుట్టుక బర్త్. తెలుగులో ఈ రెంటినీ వేరుగా రాస్తాం, వేరుగా పలుకుతాం. ఇంగ్లీషువాళ్ల నోట రెండూ అచ్చం ఒకటే. ఓడకూ రైలుకూ ఈ, మనిషి పుట్టుకకు ఐ. సరుకు దించే గట్టును క్యూ-యు-ఏ-వై అని రాసి 'కీ' అని పలుకుతారు. ఫోనులో 'కీ' అని వినబడితే తాళంచెవి స్పెల్లింగు రాయకండి, మెయిల్‌లో ఆ స్పెల్లింగు చూసి 'క్వే' అని చదవకండి.

డ్రాఫ్ట్ సంగతి కొంచెం చిక్కు. నీటిమట్టం నుంచి ఓడ అడుగు దాకా ఉన్న లోతును బ్రిటిష్ పద్ధతిలో డి-ఆర్-ఏ-యు-జి-హెచ్-టి అని రాస్తారు. ఉత్తరం ముసాయిదాకూ బ్యాంకు డ్రాఫ్టుకూ ఎఫ్-టి. అమెరికావాళ్లు అన్నిటికీ ఎఫ్-టి వాడతారు, పలుకు మాత్రం ఒకటే. పోర్టు కాగితాల్లో రెండూ కనిపిస్తాయి. ఒక ఓడకు సంబంధించిన కాగితాల్లో మొదట ఏది వాడారో చివరిదాకా అదే ఉంచండి.

కాంప్లిమెంట్ కూడా మీకు తగులుతుంది. మధ్యలో ఈ ఉన్నది 'కంప్లీట్' అనే మాటకు చుట్టం, పూర్తిచేసేది అని అర్థం. ఓడకు ఉండాల్సిన మొత్తం సిబ్బందిని 'షిప్స్ కాంప్లిమెంట్' అనేది ఈ అర్థంలోనే. మధ్యలో ఐ ఉన్నది మెచ్చుకోలు, మర్యాద. డైరీల మీద వేసే 'విత్ కాంప్లిమెంట్స్', ఉచితంగా ఇచ్చే 'కాంప్లిమెంటరీ కాపీ' ఐ-తోనే.

మరొకటి. ఓడను లాంచ్ చేయడం వేరు, కమిషన్ చేయడం వేరు. కట్టిన ఓడను తొలిసారి నీటిలోకి దించడం లాంచ్. విశాఖ యార్డులో కట్టిన జలఉష 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా అలా నీటిలోకి వెళ్లింది. ఆ తర్వాత అమరికలు, పరీక్షలు పూర్తయ్యాక నౌకాదళం సేవలోకి తీసుకోవడం కమిషన్. బీచ్‌రోడ్డులో ఉన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సురా 1969 డిసెంబరులో కమిషన్ అయింది, 2001లో డీకమిషన్ అయింది, 2002లో మ్యూజియంగా తెరిచారు. పత్రికావార్తల్లో ఈ రెండు మాటల్నీ ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటారు. మీరు అలా రాయకండి, ఆ రెండు ఘట్టాల మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి.

ప్రశ్న: లూజ్, లూస్. అడ్వైస్, అడ్వైజ్. ఈ జతలతో పోటీ పరీక్షల్లో మార్కులు పోతున్నాయి.
— డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ఇంగ్లీషు జెడ్ శబ్దం తెలుగు అక్షరాల్లో లేదు. దాన్ని 'జ'తో సరిపెట్టుకుంటాం, గొడవంతా అక్కడే. పైగా ఒక జతలో మనల్ని తెలుగే తప్పుదోవ పట్టిస్తోంది. చొక్కా వదులుగా ఉంటే 'లూజుగా ఉంది' అంటాం కదా. ఇంగ్లీషులో ఆ మాట పలుకు 'లూస్', చివర ఎస్ శబ్దమే, మధ్యలో రెండు ఓ-లు. 'లూజ్' అని జెడ్ శబ్దంతో పలికేది పోగొట్టుకోవడం, ఓడిపోవడం. దానికి ఒకటే ఓ. 'లాస్ట్', 'లాస్' దాని చుట్టాలు, వాటిలోనూ ఓ ఒకటే. తెలుగు అలవాటుతో పలుకుని బట్టి రాస్తే ఈ రెండూ ప్రతిసారీ తిరగబడతాయి. కాబట్టి ఇక్కడ పలుకుని వదిలేసి ఓ-లు లెక్కపెట్టండి.

అడ్వైస్ నామవాచకం, సలహా. సి-తో రాస్తారు. అడ్వైజ్ క్రియ, సలహా ఇవ్వడం. ఎస్-తో రాస్తారు. ఈ జతను గట్టిగా పట్టుకోండి, దీని సాయంతో మరో రెండు జతలు తేలిపోతాయి. బ్రిటిష్ స్పెల్లింగులో ప్రాక్టీస్, లైసెన్స్ కూడా ఇదే దారిలో నడుస్తాయి. నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్. పలుకులో తేడా తెలియదు గనుక ఆ చోట అడ్వైస్ పెట్టుకుని చూడాలి. మన డ్రైవింగ్ లైసెన్సు మీద సి-తోనే ఉంటుంది, బండి నడపడానికి అనుమతించడం అనే క్రియకు ఎస్. అమెరికావాళ్లు ప్రాక్టీస్‌ను రెంటికీ సి-తోనూ, లైసెన్స్‌ను రెంటికీ ఎస్-తోనూ రాస్తారు. ఫోను కీబోర్డు అమెరికా ఇంగ్లీషులో ఉంటే అదే సూచిస్తుంది. సెట్టింగుల్లో భాషను ఇండియా ఇంగ్లీషుకో, యూకే ఇంగ్లీషుకో మార్చుకోండి. అడ్వైస్‌కు బహువచనం లేదు, రెండు సలహాలైతే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్'.

ప్రశ్న: బ్యాంకుకు, మావాడి స్కూలుకు ఉత్తరాలు నేనే రాస్తాను. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం వల్లే తప్పులొస్తున్నాయని మావారు అంటారు. నిజమేనా?
— ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: సగమే నిజమమ్మా. కొన్నిచోట్ల తెలుగు మిమ్మల్ని పడేస్తుంది, కొన్నిచోట్ల ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం కంటే బాగా కాపాడుతుంది.

పడేసేవి రెండు. అప్పు ఇచ్చినా పుచ్చుకున్నా తెలుగులో మాట 'అప్పే'. ఇంగ్లీషులో ఇవ్వడం లెండ్, పుచ్చుకోవడం బారో. లెండ్ వెంట 'టు' వస్తుంది, బారో వెంట 'ఫ్రమ్' వస్తుంది. బ్యాంకు లెండ్ చేస్తుంది, మీరు బారో చేస్తారు. రెండోది 'నుంచి'. 'రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం', '2019 నుంచి ఇక్కడ ఉంటున్నాం'. తెలుగులో రెంటికీ 'నుంచి' సరిపోయింది. ఇంగ్లీషులో ఎంతకాలమో చెబితే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్'. 'సిన్స్ టూ ఇయర్స్' అన్నది మన ఉత్తరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. రెండిట్లోనూ క్రియ 'హ్యావ్ బీన్ లివింగ్' అనే ఉండాలి, 'ఆర్ లివింగ్' కాదు.

ఇక కాపాడేవి. 'సోమవారంలోగా ఫీజు కడతాను', 'సోమవారం దాకా ఊళ్లో ఉండను'. తెలుగులో ఈ రెండూ మీరు ఎన్నడూ కలిపేయరు. 'లోగా' వస్తే 'బై', 'దాకా' వస్తే 'అంటిల్', అంతే. ఫీజు గురించి 'అంటిల్ మండే' అని రాస్తే, సోమవారం దాకా కడుతూనే ఉంటానని అర్థం వస్తుంది.

రైజ్, రేజ్ కూడా అంతే. మనకు లేవడం ఉంది, లేపడం ఉంది. లేచేది రైజ్: సూర్యుడు, ధరలు, అలలు. లేపేది రేజ్: చెయ్యి, అభ్యంతరం, జెండా. ధరలు వాటంతట అవి పెరిగితే రోజ్, కంపెనీ పెంచితే రేజ్‌డ్. పడుకోవడం, పడుకోబెట్టడం జత లై, లే. ఇక్కడ మాత్రం ఒక గోతి ఉంది. పడుకోవడం అనే 'లై'కి భూతకాలం 'లే'. పడుకోబెట్టడం, పరచడం అనే 'లే'కి భూతకాలం 'లెయిడ్'. 'నిన్న పడుకున్నాను' అనాలంటే 'ఐ లే డౌన్'. 'ఐ లెయిడ్ డౌన్' అని ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్లూ తరచూ పొరబడతారు. కాబట్టి ఉత్తరంలో ఈ మాట తప్పించి 'రెస్టెడ్' అని రాసినా నష్టం లేదు.

ప్రశ్న: బొర్రా గుహలకు వచ్చే పర్యాటకులకు ఇంగ్లీషులో వివరించాలి. పైనుంచి వేలాడేది ఏది, కింద నుంచి లేచేది ఏది అన్న పేర్లు మరిచిపోతున్నాను.
— ఒక గైడు, అనంతగిరి

జవాబు: వేలాడేది స్టాలక్టైట్, అందులో సి ఉంది. పైకప్పు అనే ఇంగ్లీషు మాట 'సీలింగ్' సి-తోనే మొదలవుతుంది. నేల మీంచి లేచేది స్టాలగ్మైట్, అందులో జి ఉంది, 'గ్రౌండ్' జి-తో మొదలవుతుంది. రెండూ కలిసి స్తంభమైతే 'కాలమ్'. ఎలా ఏర్పడతాయని అడిగితే ఇలా చెప్పండి: వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ కప్పు నుంచి చుక్కలుగా కారేటప్పుడు ఆ వాయువు విడిపోయి కాల్షియం కార్బొనేటు అక్కడే పేరుకుంటుంది. చుక్క పడినచోట నేల మీద కూడా పేరుకుంటుంది. అందుకే చాలాచోట్ల ఒకదాని కింద మరొకటి ఎదురెదురుగా కనిపిస్తాయి.

ప్రశ్న: 'ఇట్స్' అని రాసేటప్పుడు అపాస్ట్రఫీ ఎప్పుడు పెట్టాలి?
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: 'ఇట్ ఈజ్' అని గానీ 'ఇట్ హాజ్' అని గానీ విడదీసి చదవండి. వాక్యం కుదిరితే పెట్టండి, కుదరకపోతే వద్దు. 'దాని' అనే అర్థంలో వచ్చే ఇట్స్‌కు అపాస్ట్రఫీ ఉండదు, 'హిజ్'కు లేనట్టే. నామవాచకాలకు మాత్రం ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పేరులో డాల్ఫిన్ తర్వాత పెట్టి తీరాలి. అయితే బహువచనానికి అపాస్ట్రఫీ పనిలేదు. షాపు బోర్డుల మీద ఫోటోస్, టిఫిన్స్ మధ్యలో అది వేలాడుతుంటుంది. తీసేయించండి.

ప్రశ్న: కాలేజీ ఫంక్షన్ల ఆహ్వానాలు, ఫ్లెక్సీలు మా ప్రెస్సులో వేస్తాం. తప్పు పడితే ఖర్చు మాదే. ఏ మాటలు చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, డాబాగార్డెన్స్

జవాబు: మీ పనిలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కొన్నే ఉంటాయి. ప్రిన్సిపల్: కాలేజీకి పెద్ద అయినా, అప్పులో అసలు అయినా పి-ఏ-ఎల్. సూత్రం, నియమం అయితే పి-ఎల్-ఈ. నియమానికి మరో మాట 'రూల్' కూడా ఎల్-ఈ-తోనే ముగుస్తుంది. స్టేషనరీ: కాగితాలు, పెన్నులు అయితే ఈ-ఆర్-వై. అవి అమ్మేవాడు 'స్టేషనర్', ఆ మాట చివర వై చేర్చారంతే. కదలకుండా ఉన్నదైతే ఏ-ఆర్-వై. కౌన్సిల్: సభ అయితే సి-ఐ-ఎల్. సలహా, న్యాయవాది అయితే ఎస్-ఈ-ఎల్. అడ్మిషన్ల కౌన్సెలింగ్ ఎస్-ఈ-ఎల్ తోనే, తర్వాత ఇంకో ఎల్ కూడా పడుతుంది. జ్ఞాపిక మెమెంటో, 'మెమరీ'లో ఉన్నట్టే మొదట ఎం-ఈ-ఎం. 'మొమెంటో' తప్పు. ఓట్లడిగే కాన్వాసింగ్‌కు రెండు ఎస్-లు, బొమ్మలు వేసే గుడ్డకు ఒకటి.

మాటల కంటే పద్ధతి ముఖ్యం. మీ డిజైన్లు చాలావరకు పెద్దక్షరాల్లో ఉంటాయి. వర్డ్‌లో పూర్తిగా పెద్దక్షరాల్లో ఉన్న మాటలను స్పెల్‌చెక్ పట్టించుకోకుండా వదిలేసే ఆప్షన్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. అందుకని ముందు మేటరు చిన్నక్షరాల్లో టైప్ చేసి, సరిచూసి, తర్వాతే పెద్దక్షరాలకు మార్చండి. పైన చెప్పిన మాటల్ని కంట్రోల్-ఎఫ్ కొట్టి ఒక్కొక్కటిగా వెతికి చూడండి. స్పెల్‌చెక్‌కు దొరకనివి అవే. పేర్లు, తేదీ, వారం పార్టీ చేత కాగితం మీద సంతకంతో ఒప్పించుకోండి. కోరెల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌కి మార్చాక ఇక టెక్స్ట్‌గా దిద్దడం కుదరదు. మార్చేముందు ఒక కాపీ విడిగా సేవ్ చేసి ఉంచండి.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీ పూర్వ విద్యార్థిని. బయోడేటాలో 'అలమ్నై' అని రాస్తే తప్పన్నారు.
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అది బహువచనం. మీరొక్కరే కాబట్టి అలమ్నస్, స్త్రీ అయితే అలమ్నా. క్రైటీరియా, ఫినామినా కూడా బహువచనాలే. ఒక్కటైతే క్రైటీరియన్, ఫినామినన్.

ప్రశ్న: గోడౌను బోర్డు మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంది. ఇన్ అంటే కాదు అని కదా, మరి అక్కడ సిగరెట్టు కాల్చొద్దని ఎందుకు రాశారు?
— ఒక పాఠకుడు, శ్రీహరిపురం

జవాబు: ఆ బోర్డు సరైనదే. ఇన్‌ఫ్లేమబుల్ అంటే తేలిగ్గా అంటుకునేది. ఫ్లేమబుల్ అన్నా అదే అర్థం, రెండూ వ్యతిరేకాలు కావు. ఇక్కడి 'ఇన్' కాదనే ఇన్ కాదు, మంట పెట్టడం అనే లాటిన్ క్రియలోనే ఉన్న ముందుమాట. అంటుకోనిదాన్ని 'నాన్‌ఫ్లేమబుల్' అంటారు. మీకు వచ్చిన అనుమానమే ఎందరికో వస్తుంది, ఇలాంటిచోట అపార్థం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే హెచ్చరికల మీద ఇప్పుడు ఫ్లేమబుల్ అనే రాస్తున్నారు. మీ గోడౌనువాళ్లతో చెప్పి ఆ బోర్డులో మొదటి రెండక్షరాలు తీసేయించండి. కింద తెలుగులో 'తేలిగ్గా అంటుకునే సరుకు, నిప్పు తేవద్దు' అని పెద్దగా రాయించండి.